దయ్యాల నవల కూడా పాఠమేనా?

దయ్యాల నవల అనగానే మన హాస్టళ్ళలో చదివినవాళ్ళకు గుర్తొచ్చేది, స్టడీ అవర్‌లో సోషల్ పుస్తకం మధ్యన పెట్టుకుని చదివిన నవలే. అట్ట ఊడిపోయినా, మొదటి పది పేజీలు లేకపోయినా అది ఒక ట్రంకుపెట్టెలోంచి ఇంకో ట్రంకుపెట్టెలోకి మారుతూనే ఉండేది. అలాంటిదాన్ని బల్ల మీద పెట్టుకుని, మాస్టారు చెప్తుంటే చదవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాకులా' ఎన్నో విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు విద్యార్థులకు పాఠ్యగ్రంథం. స్కూలు పిల్లల కోసం కుదించిన ప్రతులు కూడా వచ్చాయి. ఎలా చదివితే అందులో చదువు దొరుకుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

స్టోకర్ 1847లో ఐర్లాండులోని డబ్లిన్ దగ్గర పుట్టాడు. లండన్‌లో లైసియం అనే నాటకశాలకు మేనేజరుగా పనిచేస్తూ తీరిక వేళల్లో రాసేవాడు. ట్రాన్సిల్వేనియా కొండల్ని కళ్ళకు కట్టినట్టు వర్ణించిన ఈయన అసలు అక్కడికి వెళ్ళనేలేదు! అంతా లైబ్రరీ పుస్తకాల్లోంచి నోట్సు రాసుకున్నదే. నవల 1897లో వెలువడింది. ఆస్తి కొనుగోలు పనిమీద కోటకు వెళ్ళిన జోనాథన్ హార్కర్ అనే కుర్ర ప్లీడరు అక్కడ బందీ కావడం, రక్తం తాగే డ్రాకులా ఓడెక్కి ఇంగ్లండు చేరడం, హార్కర్ భార్య మీనా, డాక్టరు సెవార్డ్, ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ తదితరులు కలిసి అతన్ని వెంటాడి చంపడం, స్థూలంగా ఇదీ కథ.

ఇంతవరకే చెప్పి సారాంశం రాయమంటే గైడు చాలు, నవల అక్కర్లేదు. అసలు పాఠం కథ చెప్పిన పద్ధతిలో ఉంది. ఈ నవలకు కథకుడు లేడు. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కత్తిరింపులు, ఓడ కెప్టెన్ రాసుకున్న దినచర్య, వీటిని తేదీలతో సహా పేర్చుకుంటూ పోతాడు రచయిత. (మన దేశంలో 2013లో టెలిగ్రాం సేవ ఆగిపోయింది కాబట్టి ఇప్పటి పిల్లలకు అదేమిటో ముందు చెప్పాలి.) క్లాసులో నేనైతే బోర్డు మీద తేదీలు రాయిస్తాను. మే 8న హార్కర్ తాను ఖైదీనయ్యానని డైరీలో రాసుకుంటాడు. మర్నాడు, మే 9న, మీనా తన స్నేహితురాలు లూసీకి ఉత్తరం రాస్తూ, ఆయన క్షేమమట, వారంలో వచ్చేస్తాడట అంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క దయ్యం కూడా కనబడకుండానే ఒళ్ళు జలదరిస్తుంది. పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలియడమే థ్రిల్లర్ ఆయువుపట్టు. ఇంకో సంగతి. అందరి రాతలూ ఉన్న ఈ పుస్తకంలో డ్రాకులా డైరీ మాత్రం లేదు. అతని గురించి మనకు తెలిసిందంతా శత్రువులు రాసిందే!

డ్రాకులాను పట్టిచ్చింది కూడా ఒక రకంగా ఈ కాగితాలే. మీనా అందరి రాతలనూ టైపు చేసి, తేదీల వరసలో పెట్టి, కాపీలు తీస్తుంది. అసలు ప్రతుల్ని డ్రాకులా తగలబెట్టినా ఒక కాపీ బీరువాలో భద్రంగా మిగులుతుంది. రైళ్ళ వేళలు బట్టీపట్టి, శత్రువు ఏ నది దారిన పోతాడో లెక్కగట్టింది కూడా ఆమే. శిలువలూ వెల్లుల్లీ సరే, ఆ నోట్సు లేకపోతే ఈ మగవాళ్ళు ఏం చేసేవారో నాకైతే అర్థం కాదు.

సైన్సు మాస్టారికీ ఇందులో పీరియడ్ ఉంది. నీరసించిన లూసీకి నలుగురు మగవాళ్ళ రక్తం ఒకరి తరవాత ఒకరిది ఎక్కిస్తారు. ఎవరిది ఏ గ్రూపో చూడరు. చూసే వీలే లేదు. రక్తంలో గ్రూపులున్నాయని కార్ల్ లాండ్‌స్టీనర్ వెల్లడించింది 1901లో, నవల వచ్చిన నాలుగేళ్ళకు.

ఇక భయం సంగతి. దీన్ని తొందరగా దాటేయకూడదు. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రం ఎక్సెటర్ అనే ఊళ్ళో 1892లో మెర్సీ బ్రౌన్ అనే పందొమ్మిదేళ్ళ పిల్ల క్షయతో చనిపోయింది. తల్లీ, అక్కా అంతకుముందే అదే జబ్బుతో పోయారు. అన్న ఎడ్విన్ మంచం పట్టాడు. చచ్చినవాళ్ళలో ఎవరో లేచివచ్చి రక్తం పీలుస్తున్నారని ఊరివాళ్ళు తండ్రిని ఒప్పించి శవాలు బయటకు తీశారు. మెర్సీ శవం చెడలేదు. చలికాలం, పోయి రెండు నెలలే, ఎలా చెడుతుంది? ఆమె గుండె కోసి కాల్చి, ఆ బూడిద నీళ్ళలో కలిపి అన్నకు తాగించారు. అతనూ రెండు నెలల్లోపే పోయాడు. క్షయ క్రిమిని రాబర్ట్ కోఖ్ 1882లోనే కనిపెట్టాడు. ఆ కబురు ఊరిదాకా చేరలేదు, అంతే. ఆ ప్రాంతపు రక్తపిశాచాల గురించిన 1896 నాటి పత్రిక కత్తిరింపు ఒకటి స్టోకర్ కాగితాల్లో దొరికింది.

చేతబడి, బాణామతి పేరుతో మన పల్లెల్లో జరిగినవీ ఇలాంటివే కదా. జ్వరం ఎందుకొచ్చిందో తెలియదు, ఎవరో ఒకరి మీద అనుమానం పడుతుంది. పళ్ళూడగొట్టిన సంఘటనలున్నాయి, ప్రాణాలు తీసినవీ ఉన్నాయి. అందుకే యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' జనం ఎగబడి చదువుతున్న కాలంలో, అది మూఢనమ్మకాన్ని పెంచుతుందని రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు. ఆ నవలనూ ఆ విమర్శనూ రెండూ తెప్పించి, పిల్లల్ని రెండు జట్లు చేసి వాదించమంటే, అంతకు మించిన తెలుగు పీరియడ్ ఉండదని నా అభిప్రాయం. నవల వద్దని దాచేస్తే మాత్రం లైట్లార్పాక దుప్పట్లో చదువుతారు. అప్పుడు అడగడానికి మాస్టారుండరు.

చివరగా మన పిల్లలు తప్పక వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. కోటలో డ్రాకులాకు మట్టిపెట్టెలు మోసేదెవరు? సాయం కోసం హార్కర్ విసిరిన ఉత్తరాల్ని తీసుకెళ్ళి డ్రాకులా చేతికే ఇచ్చిందెవరు? జిప్సీలు. భూమీ ఊరూ లేక తిరిగే జనం. ట్రాన్సిల్వేనియా పక్కనున్న వల్లాకియా, మోల్దావియాల్లో 1850ల దాకా వాళ్ళను బానిసలుగా ఉంచారు. నవలలో వాళ్ళలో ఒక్కరికీ పేరు లేదు. ఈసారి మీ చేతికి మంత్రగాడున్న తెలుగు నవల దొరికితే, అతను ఏ కులంవాడని రాశారో, ఊరికి ఏ దిక్కున కాపురం పెట్టించారో, అతన్ని పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు ఎవరో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని చదవండి. మరుసటి పీరియడ్‌లో మాట్లాడుకోవడానికి అది చాలు.