రైలు టైము

రైలు టికెట్ మీద 17:40 అని ఉంటుంది. ఇంట్లో గోడ గడియారంలో 12 దాటి అంకె లేదు. మరి ఈ 17 ఎక్కడిది?

రోజుకు 24 గంటలు. గంటల ముల్లు రోజుకు రెండుసార్లు చుట్టి వస్తుంది. అందుకే పొద్దున 5 ఉంది, సాయంత్రమూ 5 ఉంది. రైళ్లకు ఈ తికమక పనికిరాదు. మధ్యాహ్నం ఒంటిగంటను అక్కడ 13 అంటారు.

పిల్లలకు చింతగింజలతో చూపించండి. 17 గింజలు పోసి, 12 తీసేయమనండి. 5 మిగులుతాయి. అంటే సాయంత్రం 5 గంటల 40 నిమిషాలు. నిమిషాల జోలికి పోవద్దు. రాత్రి 9కి 12 కలిపితే 21. పొద్దుటి గంటలకు ఈ లెక్కే అక్కర్లేదు. మధ్యాహ్నం 12 కూడా 12గానే ఉంటుంది.

చిక్కంతా అర్ధరాత్రితోనే. అప్పుడు గంట దగ్గర 00 అని వేస్తారు. తారీఖు కూడా అక్కడే మారుతుంది. టికెట్ మీద 15వ తారీఖు, 00:20 అని ఉందనుకోండి. తల్లీబిడ్డా 15 రాత్రి మూటాముల్లె సర్దుకుని స్టేషనుకు పోతే రైలుండదు. అది ముందురాత్రే వెళ్లిపోయింది. టికెట్ డబ్బులూ పోయినట్టే. 14వ తారీఖు రాత్రి అన్నం తిని బయలుదేరాలి.

00 కనబడితే పిల్లల్ని ఒక్క మాట అడగండి: "ఏ రాత్రి పోవాలిరా?"