పట్టు ఎక్కువా? మన్నిక ఎక్కువా?

మీ పెన్సిలు డబ్బాలో రబ్బరు ముక్క వుంటుంది కదా! అంగడిలో అవి రెండు రకాలుగా దొరుకుతాయి. మెత్తని రబ్బరు కాగితాన్ని గట్టిగా పట్టుకొని, రెండు రుద్దులకే గీతను చెరిపేస్తుంది. కాని దాని పొట్టు ఎక్కువగా రాలుతుంది, త్వరగా అరిగిపోతుంది. గట్టి రబ్బరు చాలాకాలం వస్తుంది. కాని కాగితంమీద జారిపోతూ వుంటుంది. మోటారు సైకిలు టైర్ల కథంతా ఈ రెండు రబ్బరు ముక్కల్లోనే వున్నది.

తెనాలి, రేపల్లె, బాపట్ల వీధుల్లో ఈనాడు వెడల్పాటి టైర్లు గల స్పోర్ట్స్ మోటారు సైకిళ్ళు చాలా కనిపిస్తాయి. “ఈ టైరుకు పట్టు ఎక్కువ” అని ఒకరంటే, “ఆ టైరు ముప్ఫయి వేల కిలోమీటర్లు వస్తుంది” అని మరొకరంటారు. ఈ రెండు గుణాలూ పూర్తిగా ఒకే టైరులో ఎందుకు దొరకవు? మన ఊళ్ళ రోడ్లకు ఏది తగినది? చూద్దాం.

అరచేయంత చోటు

ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. బండి బరువు 140 కి.గ్రా., నడిపేవాని బరువు 60 కి.గ్రా. అనుకోండి. మొత్తం 200 కి.గ్రా. ఇందులో వెనుక చక్రం మీద 110 కి.గ్రా. పడుతున్నదనుకుందాం. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 2 కి.గ్రా. వున్నది. 110ని 2తో భాగిస్తే 55 వస్తుంది. అంటే ఆ టైరు నేలను తాకే చోటు సుమారు 55 చదరపు సెంటీమీటర్లు మాత్రమే! పొడవు 7 సెం.మీ., వెడల్పు 8 సెం.మీ. మీ అరచేయంత. బండి కదలాలన్నా, ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా ఆ కాస్త చోటే ఆధారం.

రబ్బరు ఎట్లా పట్టుకుంటుంది?

ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని మీరు పాఠంలో చదువుకున్నారు. చెక్క, ఇనుము వంటి గట్టి వస్తువులకు ఆ సూత్రం బాగానే వర్తిస్తుంది. రబ్బరు మాత్రం దానిని పూర్తిగా పాటించదు. ఎందుకంటే అది సాగుతుంది, నొక్కుకుపోతుంది, మళ్ళీ లేస్తుంది.

రబ్బరు రోడ్డును రెండు విధాలుగా పట్టుకుంటుంది. మొదటిది, అంటుకోవడం. రబ్బరు అణువులు పొడవైన గొలుసుల్లా వుంటాయి. అవి రోడ్డు ఉపరితలానికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు అణువుల మధ్య ఆకర్షణ పుడుతుంది. రెండవది, ఒదిగిపోవడం. తారు రోడ్డులోని కంకర మొనలమీద రబ్బరు నొక్కుకొని, వాటి చుట్టూ ఒదుగుతుంది. మొన దాటిపోగానే తిరిగి తన ఆకారానికి వస్తుంది. అయితే నొక్కినప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు. కొంత శక్తి వేడిగా మారిపోతుంది. ఈ శక్తి నష్టమే జారిపోకుండా అడ్డుపడే బలంగా పనిచేస్తుంది. రోడ్డు తడిసినప్పుడు నీటిపొర వల్ల అంటుకోవడం తగ్గుతుంది. అప్పుడు ఈ రెండవ విధమే మనలను కాపాడుతుంది.

రబ్బరు మెత్తగా వుంటే ఈ రెండు పనులూ బాగా జరుగుతాయి. కాని కంకర మొనలకు అంత దగ్గరగా ఒదిగిన రబ్బరు వాటి గీతలకు చిరుగుతుంది కూడా. ఎక్కువ శక్తి వేడిగా మారినకొద్దీ టైరు మరింత వేడెక్కుతుంది. అందువల్ల అరుగుదల కూడా హెచ్చుతుంది. పట్టునిచ్చే గుణమే అరుగుదలకు కారణమవుతున్నదన్నమాట!

గంధకం, మసి, ఇసుక

చెట్టు పాలనుంచి వచ్చిన పచ్చి రబ్బరు ఎండకు జిగటగా, చలికి పెళుసుగా వుంటుంది. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని కనుగొన్నాడు. గంధకం పరమాణువులు రబ్బరు గొలుసుల మధ్య వంతెనలు కడతాయి. వంతెనలు ఎక్కువైతే రబ్బరు గట్టిగానూ, తక్కువైతే మెత్తగానూ వుంటుంది. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రాల సైకిలుకు గాలి టైరు తయారుచేశాడు.

టైరు నల్లగా ఎందుకు వుంటుంది? దానిలో కలిపే కర్బన మసి వల్ల. ఇది రంగు కోసం వేసింది కాదు. ఈ మసి కణాలు రబ్బరును బలపరచి అరుగుదలను బాగా తగ్గిస్తాయి. 1990ల నుంచి మసితోపాటు సిలికాను కూడా ఎక్కువగా వాడుతున్నారు. రసాయన దృష్టితో చూస్తే ఇసుకలో వుండేదీ సిలికాయే. సిలికా కలిపిన టైరుకు తడి రోడ్డుమీద మంచి పట్టు వుంటుంది. గంధకం, మసి, సిలికా, నూనెల పాళ్ళు మార్చి కర్మాగారంవారు ఒక్కొక్క పనికి ఒక్కొక్క టైరు తయారుచేస్తారు. మన తెలుగు నేలమీద సదాశివపేటలోనూ టైర్ల కర్మాగారం వున్నది.

మూడు రకాలు

మొదటిది పందెపు టైరు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో మోటో జీపీ పందెం జరిగింది. అటువంటి పందెంలో ఒక జత టైర్లు పరుగెత్తే దూరం సుమారు 100 నుంచి 120 కిలోమీటర్లే. తెనాలిలో బయలుదేరి, రేపల్లె, బాపట్ల చుట్టి తిరిగివస్తే దాదాపు అంత దూరం. ఆ ఒక్క చుట్టుతో టైరు పని అయిపోయిందన్నమాట! పందెానికి ముందు ఆ టైర్లకు కరెంటుతో వేడెక్కే దుప్పట్లు చుడతారు. వేడెక్కితేనే వాటికి పూర్తి పట్టు వస్తుంది.

రెండవది రోడ్డుమీద తిరిగే స్పోర్ట్స్ టైరు. మెత్తని రకమైతే కొద్ది వేల కిలోమీటర్లకే అరుగుతుంది. ఇది కూడా కొంత వేడెక్కిన తరువాతనే బాగా పట్టుతుంది. ఇంటినుంచి బజారుకు వెళ్ళివచ్చే రెండు కిలోమీటర్లలో దానికి ఆ అవకాశం వుండదు.

మూడవది మామూలు బండి టైరు. దీని రబ్బరు గట్టిది. బాగా చూసుకుంటే 30 వేల కిలోమీటర్ల వరకు కూడా రావచ్చు. ఎండిన రోడ్డుమీద సాధారణ వేగాలకు దాని పట్టు చాలు.

ఈ తగవు తీర్చడానికి ఒక చక్కని ఉపాయం కూడా కనిపెట్టారు. టైరు నడుమ గట్టి రబ్బరు, రెండు పక్కలా మెత్తని రబ్బరు వేస్తారు. తిన్నగా పోయేటప్పుడు నడుమ భాగం నేలను తాకుతుంది, అది ఎక్కువకాలం మన్నుతుంది. మలుపులో బండి వంగినప్పుడు పక్క భాగం తాకుతుంది, అది గట్టిగా పట్టుకుంటుంది.

గాడులు ఎందుకు?

టైరుమీది గాడులే పట్టునిస్తాయని చాలామంది అనుకుంటారు. ఎండిన శుభ్రమైన రోడ్డుమీద నిజానికి గాడులు లేని టైరుకే పట్టు ఎక్కువ. పందెపు టైర్లు నున్నగా వుండేది అందుకే. గాడుల పని వానలో కనిపిస్తుంది. రోడ్డుమీద 2 మిల్లీమీటర్ల నీరు నిలిచిందనుకోండి. 8 సెం.మీ. వెడల్పు నేలను తాకే టైరు గంటకు 60 కి.మీ. వేగంతో పోతుంటే, సెకనుకు సుమారు రెండున్నర లీటర్లకు పైగా నీటిని పక్కకు నెట్టాలి. ఆ నీరు పోయే కాలువలే గాడులు. కాలువ పూడితే డెల్టా పొలం మునిగినట్లే, గాడి అరిగితే టైరు కింద నీరు నిలుస్తుంది.

తేడా ఎంత వుంటుందో చూడండి. గంటకు 60 కి.మీ. వేగంలో బ్రేకు పట్టుకున్న తరువాత, ఘర్షణ గుణకం 0.8 అయితే బండి సుమారు 18 మీటర్లలో ఆగుతుంది. 0.4 అయితే 35 మీటర్లు కావాలి. ఈ తేడాలో ఒక బడి పిల్లవాడు రోడ్డు దాటుతూ వుండవచ్చు.

మలుపు లెక్క కూడా ఇటువంటిదే. 30 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును గంటకు 36 కి.మీ. వేగంతో తిరగాలంటే 0.34 గుణకం చాలు. 54 కి.మీ. వేగానికి 0.77 కావాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే అవసరమైన పట్టు రెండుంబావు రెట్లవుతుంది!

మన రోడ్లకు ఏది?

మన ప్రాంతపు రోడ్లు చాలావరకు కాలువ గట్ల వెంట తిన్నగా పోతాయి. అందువల్ల టైరు నడుమ భాగమే ఎక్కువగా అరిగి బల్లపరుపు అవుతుంది. అటువంటి టైరు మలుపులో సాఫీగా వంగదు. వేసవిలో తారు వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి మెత్తని రబ్బరు మరింత త్వరగా అరుగుతుంది. కనుక రోజూ రేపల్లెనుంచి తెనాలికి పోయివచ్చేవారికి తడిలో పట్టు గల, మధ్యరకపు గట్టి టైరే తగినది.

ఇంకొక సంగతి మరువరాదు. సూర్యలంక దారిలో గాలికి చేరిన ఇసుక, కోతల కాలంలో రోడ్డుమీద ఆరబోసిన ధాన్యం, ట్రాక్టరు చక్రాలు తెచ్చిన నల్లరేగడి బురద వుంటే టైరు రోడ్డును తాకనే తాకదు. అక్కడ ఎంత ఖరీదుగల టైరైనా ఒకటే. వేగం తగ్గించడమే మందు.

మీరే చేయండి

ఒక మెత్తని రబ్బరు, ఒక గట్టి రబ్బరు, ఒక చెక్కపలక, స్కేలు తీసుకోండి. పలకమీద రబ్బరు ముక్కను వుంచి, పలక ఒక చివరను మెల్లగా పైకెత్తండి. ముక్క జారడం మొదలయినప్పుడు ఆపి, ఎత్తునూ, నేలమీది అడ్డదూరాన్నీ కొలవండి. ఎత్తును అడ్డదూరంతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. పలకను తడిపి ఒకసారి, సన్నని ఇసుక చల్లి ఒకసారి కొలవండి. తరువాత రెండు ముక్కలనూ గరుకు కాగితంమీద సమానమైన ఒత్తిడితో యాభైసార్లు రుద్ది, ఏది ఎన్ని మిల్లీమీటర్లు అరిగిందో చూడండి. ఫలితాలను పట్టిక వేయండి.

ఆ తరువాత ఇంట్లోని బండి దగ్గరకు వెళ్ళండి. టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. మోటారు సైకిలు టైర్లలో వీటి ఎత్తు సాధారణంగా 0.8 మి.మీ. వుంటుంది. పై రబ్బరు అరిగి వాటితో సమానమయితే టైరు మార్చవలసిందే. టైరు పక్కన నాలుగంకెలు వుంటాయి. 2319 అని వుంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. రబ్బరు తిరగకపోయినా కాలం గడిచినకొద్దీ గట్టిపడుతుంది. చివరగా, గాలి ఎప్పుడు పట్టించారో అడగండి. ఈ మూడు సంగతులూ ఒక కాగితంమీద రాసి నాన్నగారికో, అన్నయ్యకో ఇవ్వండి. గాడులు పోయిన టైరయితే, వానాకాలం రాకముందే ఇవ్వండి.