రెండు ఫొటోల మధ్య ఏం జరిగింది?

అమ్మలూ, నిన్న నువ్వు ఫోన్లో చూపించిన ప్రకటన సంగతి ఇవాళ తీరిగ్గా మాట్లాడుకుందాం. ఎడమ పక్క పొట్ట ముందుకొచ్చిన అమ్మాయి, కుడి పక్క నడుము సన్నబడ్డ అమ్మాయి, కింద ‘21 రోజుల్లో 15 కిలోలు’ అని పెద్దక్షరాలు. అది చూపిస్తున్నప్పుడు నీ మొహం చిన్నబోయింది. నాకు బాధనిపించింది. అందుకే ఈ కబుర్లు.

ముందు లెక్క వేద్దాం. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కిలోకేలరీలు ఖర్చవ్వాలి. 15 కిలోలకి 1,15,500. దాన్ని 21 రోజులకి పంచితే రోజుకి 5,500. నీలాంటి ఆడపిల్ల ఒళ్లు రోజు మొత్తం మీద ఖర్చు చేసేది 2,000కి అటూ ఇటూ. అంటే మూడు వారాలూ మెతుకు ముట్టకుండా పస్తున్నా కరిగే కొవ్వు అయిదున్నర కిలోల దగ్గర ఆగిపోతుంది. మిగతా తొమ్మిదిన్నర కిలోల కొవ్వు ఎక్కడికి పోయినట్టు?

‘మరి మా ఫ్రెండు వాళ్లమ్మ వారంలో మూడు కిలోలు తగ్గింది కదా’ అంటావు. తగ్గే ఉంటుంది. 2017, 2018ల్లో మన బెజవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఊరూరా పాకినప్పుడు ఎవరి నోట విన్నా ఇదే మాట. ఆ ఒక్క పద్ధతనే కాదు, అన్నం, రొట్టె మానేసిన ఎవరికైనా మొదటి వారం తూకం గబగబా పడిపోతుంది. కారణం ఏమిటంటే, మన కండల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్ అనే పిండిపదార్థం దాచి ఉంటుంది, పెద్దవాళ్లలో అరకిలో దాకా. ప్రతి గ్రాము గ్లైకోజనూ తనతోపాటు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుతుంది. పిండి తినడం ఆపితే గ్లైకోజన్ వాడకమైపోతుంది, దాన్ని అంటిపెట్టుకున్న నీళ్లూ పోతాయి. ఉప్పు కూడా మూత్రంలో ఎక్కువగా పోయి, ఇంకాస్త నీటిని వెంటబెట్టుకెళ్తుంది. కోతల రోజుల్లో గుడివాడ, పామర్రు రోడ్ల పక్కన వడ్లు ఆరబోయడం నువ్వు చూసిందే. తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు గనక ఆరబోస్తారు. ఆరాక బస్తా తేలికవుతుంది, గింజ మాత్రం ఒక్కటి తగ్గదు. మొదటి వారం మనిషి తూకంలో జరిగేది చాలావరకు అదే. మళ్లీ నాలుగు రోజులు పప్పన్నం తిని, ఆవకాయ వేసుకుంటే ఆ నీళ్లు తిరిగొచ్చేస్తాయి.

ఇక ఫొటో సంగతి. ఇది నువ్వే మన హాల్లో చేసి చూడొచ్చు. మధ్యాహ్నం కడుపునిండా భోంచేశాక, భుజాలు వదిలేసి, పొట్ట సడలించి నిలబడు. నడుము బిగుతుగా ఉండే పైజామా వేసుకో, ఆ పట్టీ పైన చర్మం ముడత పడుతుంది. అమ్మ చేత ఫోన్ రెండడుగుల దూరంలో, పొట్ట ఎత్తులో పట్టించి తీయించుకో. కెమెరాకి దగ్గరగా ఉన్నది పెద్దదిగా పడుతుంది గనక పొట్టే ముందుకు కనిపిస్తుంది. వెలుతురు ఎదురుగా చప్పగా పడాలి, నవ్వకూడదు. రెండో ఫొటో మర్నాడు పొద్దున్నే, పరగడుపున. కిటికీ పక్కన నిలబడితే వెలుతురు ఒక వైపు నుంచి పడి ఒంటి ఒంపుల్లో నీడలు వస్తాయి. నడుము పైదాకా వచ్చే ముదురు రంగు బట్టలు, వెన్ను నిటారుగా, ఒళ్లు కాస్త పక్కకి తిప్పి, ఊపిరి పీల్చి బిగబట్టి, జుట్టు దువ్వుకుని, నవ్వుతూ. ఫోన్ ఎనిమిదడుగుల దూరంలో. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఒక్క గ్రాము కొవ్వు కదల్లేదు.

2013లో ఆస్ట్రేలియాలో ఒక వ్యాయామ శిక్షకుడు దాదాపు ఇలాగే, గంట లోపు తేడాతో, రెండు ఫొటోలు తీయించుకుని, ఈ కిటుకు లోకానికి చూపించాడు. అలాంటివాళ్లంటే నాకు గౌరవం. ఆ వృత్తిలో ఉండి, ఆ వృత్తి గుట్టు విప్పాడు.

ఇంకో సంగతి. ఏ ఫొటో ముందు తీశారో, ఏది తర్వాతో ఫొటో చెప్పదు, కింద రాసినవాడు చెబుతాడు. 2015 నవంబరులో వచ్చిన ‘సైజ్ జీరో’ గుర్తుందా? బరువు తగ్గిస్తామని జనాన్ని ముంచే క్లినిక్ మీద పోరాడే అమ్మాయి కథ. ప్రకాష్ కోవెలమూడి తీశాడు. ఆ పాత్ర కోసం అనుష్క దాదాపు 20 కిలోలు నిజంగానే పెరిగింది. ఆవిడ విషయంలో సన్నగా ఉన్నది ముందు, లావుగా ఉన్నది తర్వాత. ఎవడో ఆ రెండిటి కింద పేర్లు తారుమారు చేసి ఒక పొడి డబ్బా బొమ్మ పెడితే, తెలియనివాళ్లు నమ్మరూ? కాన్పయిన కొత్తలో తీసుకున్న ఫొటో పెట్టి, ఏడాదికి సహజంగా తగ్గిన ఒంటిని తమ మందు గొప్పగా చూపించినా అంతే.

ఇదేమీ కొత్త రోగం కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బరువు తగ్గించే ప్రకటనలు 300 పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చింది. పదింటిలో నాలుగింటికి పైగా ఈ ‘ముందు, తర్వాత’ ఫొటోలే. అప్పటికి ఫోన్లో నడుము నొక్కే యాప్‌లు లేవు. ఇప్పుడు వేలితో నొక్కితే చాలు. అలా నొక్కినప్పుడు నడుము పక్కనున్న గుమ్మం నిలువు చెక్కో, గోడ మీద టైల్స్ గీతో వంకర పోతుంది, అక్కడ చూడు. పూర్తిగా కంప్యూటరే సృష్టించిన మనిషైతే ఆ ఆనవాలు కూడా దొరక్కపోవచ్చు. బందరు రోడ్డు మీద హోర్డింగైతే ఊరంతా చూస్తుంది, తప్పుంటే పదిమందీ అడుగుతారు. ఫోన్లో ప్రకటన అలా కాదు తల్లీ, ‘పొట్ట తగ్గడం ఎలా’ అని నువ్వు వెతికావు గనక నిన్నే వెతుక్కుంటూ వచ్చింది.

చట్టం లేదనుకోకు. 1954లోనే మందుల అభ్యంతరకర ప్రకటనల చట్టం వచ్చింది. ఫలానా జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదంటూ అది ఇచ్చిన జాబితాలో స్థూలకాయం కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మోసపు ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. అమ్మా నేనూ కలిసి ఇప్పిస్తాం.

నా అసలు భయం ఫొటో కాదు, దాని వెనకున్న డబ్బా. సిబుట్రమైన్ అని ఆకలి చంపే మందు ఉండేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలి, 2010లో అమెరికాలో అమ్మకం ఆపించారు, 2011లో మన దేశంలో నిషేధించారు. అయినా ‘మూలికలు’ అని పేరు పెట్టిన బరువు తగ్గించే గోళీల్లో అది దొంగచాటుగా కలిసి ఉండటం చాలా దేశాల పరీక్షల్లో బయటపడింది. నువ్వు గానీ నీ స్నేహితురాళ్లు గానీ అలాంటిది ఇప్పటికే తెప్పించుకుని ఉంటే దాచొద్దు, ఎవరూ కోప్పడరు. ఆ డబ్బా పట్టుకుని రేపు డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం. బరువు ఎందుకు పెరిగిందో, థైరాయిడ్ ఏమైనా ఉందో, అసలు తగ్గాల్సిన అవసరం ఉందో లేదో కూడా అక్కడే అడుగుదాం.