చెక్ కోటలు చూడాలంటే ముందు క్యాలెండర్ చూడాలి

చెక్ దేశంలో కోటలు చూడాలనుకునేవాళ్లు ముందుగా మ్యాప్ తెరుస్తారు. నిజానికి దూరాలు పెద్ద సమస్య కాదు. తలుపులు ఎప్పుడు తీస్తారన్నదే అసలు లెక్క.

ప్రాగ్ కోట ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. బయటి ఊళ్లలో అలా కాదు. చాలా కోటలను నవంబరు నుంచి మార్చి దాకా మూసేస్తారు, లేదా శని, ఆదివారాల్లోనే తీస్తారు. సీజన్‌లో కూడా చాలాచోట్ల సోమవారం సెలవు. సంక్రాంతి సెలవుల్లో వెళ్తే చాలాచోట్ల బయటి గోడలు చూసి తిరిగి రావలసిందే. మే నెలాఖరు, జూన్ మొదటివారాలు మేలు.

రెండోది టికెట్. లోపలి గదుల్లోకి ఎక్కువగా గైడు వెంటే వెళ్లనిస్తారు. పెద్ద కోటల్లో రెండు మూడు దర్శన మార్గాలు (గైడు చూపించే గదుల వరస) ఉంటాయి. దేని టికెట్ దానిదే, దేని సమయం దానిదే.

కార్ల్‌ష్టైన్ సంగతే చూడండి. బొహీమియా రాజు నాలుగో చార్లెస్ 1348లో మొదలుపెట్టిన కోట ఇది. ప్రాగ్ నుంచి రైల్లో సుమారు 40 నిమిషాలు, ఆపైన గుట్ట మీదికి నడక. రాజాభరణాలను దాచిన పవిత్ర శిలువ ప్రార్థనామందిరం ఇందులోనే ఉంది. గోడల నిండా నునుపు చేసిన రంగురాళ్లు, వాటిపైన చిత్రకారుడు థియోడోరిక్ చెక్కపలకల మీద వేసిన 129 చిత్రాలు. జనం ఊపిరిలోని తేమకు చెక్క ఉబ్బుతుంది, రంగు పెచ్చులూడుతుంది. అందుకే కొద్దిమందినే, వెచ్చని నెలల్లోనే పంపుతారు. ముందుగా బుక్ చేసుకోకపోతే, కోట దాకా వెళ్లినా ఆ గది చూడలేకపోవచ్చు.

దక్షిణాన ఉన్న చెస్కీ క్రుమ్లోవ్ కోటలో 18వ శతాబ్దపు నాటకశాల ఉంది. రంగస్థలం కింద కొయ్య చక్రాలు, తాళ్లు. కొందరు కలిసి తిప్పితే అడవి క్షణాల్లో రాజసభ అయిపోతుంది. సురభి నాటకాలు చూసినవాళ్లకు ఆ కిటుకు వెంటనే పట్టుబడుతుంది. నా మట్టుకు నాకు, ఒక్క కోటకే సమయముంటే ఇక్కడికే వెళ్లమంటాను. ఈ నాటకశాల మార్గం కూడా వేరే, చలికాలంలో ఉండదు.

కాబట్టి వరస ఇలా పెట్టుకోవాలి. ముందు ఈ రెండు మార్గాలూ ఏ తేదీల్లో ఉన్నాయో చూడండి. తర్వాత షెంజెన్ వీసా (చెక్ సహా అనేక యూరప్ దేశాలకు చెల్లే అనుమతి). దీనికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. వేసవి రద్దీలో ఆలస్యం చేయకండి. ఇక మధ్యలో వచ్చే సోమవారాన్ని ప్రాగ్ కోటకు కేటాయించండి.