చెంచు పెళ్లి రాసిన తొలి నవలాకారుడు

తెలుగులో మొదటి నవల రాసిన డిప్యూటీ కలెక్టరు మన కంభం, మార్కాపురం తాలూకాల గురించీ రాశారు. నవల కన్నా ఆ రాతలోనే ప్రాణం ఎక్కువ.

“తొలి తెలుగు నవలాకారుడి మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారానికల్లా పంపండి” అన్నారు ఎడిటరు గారు. ఆ డిప్యూటీ కలెక్టరు నరహరి గోపాలకృష్ణమ చెట్టి పేరు ఎత్తితే చాలు, పండితులు పాత తగవుకు దిగుతారు. ఆయన ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872లో వచ్చింది. వీరేశలింగం పంతులు గారి ‘రాజశేఖర చరిత్ర’ 1878లో పత్రికలో మొదలైంది. ఏది మొదటి నవల? కాలాన్ని బట్టి చూస్తే చెట్టి గారిదే ముందు. అంతకు మించి ఆ తగవులో తలదూర్చను. నన్ను పట్టుకుని వదలనిది ఆయన రాసిన ఇంకో పుస్తకం. 1886లో మద్రాసులో అచ్చయిన కర్నూలు జిల్లా మాన్యువల్ అది. ఇంగ్లీషులో ఉంటుంది. దొరల ఏలుబడిలో జిల్లాకొకటి చొప్పున వేయించిన సర్కారు పుస్తకాల్లో ఇదొకటి.

కర్నూలు పుస్తకంతో మనకేం పని అంటారేమో. 1839లో కర్నూలు నవాబు రాజ్యం ఈస్టిండియా కుంపిణీ చేతికి పోయింది. 1858లో కడప జిల్లా నుంచి కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల తాలూకాలను తీసి కర్నూలులో కలిపారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలులోనే ఉన్నాయి. ఆ ఒంగోలు జిల్లాకే ప్రకాశం పంతులు గారి పేరు 1972లో పెట్టారు. చరిత్రకు ఇంతకన్నా చోటివ్వలేను, అసలు సంగతి నల్లమలలో ఉంది.

మాన్యువల్లో ఆ అడవి తెగ చెంచుల పెళ్లిళ్ల గురించి ఒక భాగముంది. చెంచులకు ఒకే ఆచారమంటూ లేదు, పెళ్లి మూడు రకాలుగా జరుగుతుందని మొదలవుతుంది. మొదటి రకంలో పిల్లను పిల్లవాడే ఎంచుకుంటాడు. ఇద్దరూ ఇష్టపడి ఒక రాత్రికి గూడెం విడిచి వెళ్లిపోతారు. తెల్లారి తిరిగి వస్తే పెద్దలు చుట్టపక్కాలను పిలిచి, ఆ జంటకు కొత్త బట్టలు పెట్టి, వీళ్లు మొగుడూ పెళ్లాలని చెబుతారు. వచ్చినవాళ్లకు భోజనం పెడతారు. అంతే, పెళ్లి అయిపోయింది.

రెండో రకానికి గుండ్రంగా కాస్త చోటు శుభ్రం చేసి పేడతో అలుకుతారు. విల్లూ బాణమూ కలిపి కట్టి మధ్యలో నేలకు గుచ్చుతారు. పిల్లా పిల్లవాడూ దాని చుట్టూ తిరుగుతుంటే చేరినవాళ్లు బియ్యం చల్లి దీవిస్తారు. మూడో రకంలో బ్రాహ్మణుణ్ణి అడిగి ముహూర్తం పెట్టించుకుంటారు. అరుగు వేసి, ఇద్దరినీ దాని మీద కూర్చోబెట్టి, మిగతా కులాల్లో లాగానే తలంబ్రాలు పోస్తారు. బ్రాహ్మణుడికి డబ్బు ముట్టజెబుతారు.

ఈ భాగాన్ని నేను మళ్లీ మళ్లీ చదివాను. ఒక రాత్రి అడవిలో గడిపి వచ్చిన జంట గురించి చెప్పేటప్పుడు ‘అనాగరికం’ అన్న మాట లేదు, ముక్కు మీద వేలు వేసుకోవడం లేదు. నేలకు గుచ్చిన విల్లు ఎంత ముఖ్యమో, పంతులుకిచ్చిన డబ్బూ అంతే ముఖ్యం. తర్వాత ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు చెంచుల దగ్గరికొచ్చేసరికి ఈ మాన్యువల్ మాటలనే ఎత్తి పెట్టుకున్నాడు.

ఇప్పుడు నవల దగ్గరికి రండి. దాని రెండో పేరు ‘సోనాబాయి పరిణయము’. అది కూడా పెళ్లి కథే. బెంగాలీల ఆచార వ్యవహారాలను చూపే వచన గ్రంథాలు రావాలని వైస్రాయి లార్డ్ మేయో వేయించిన ప్రకటన చూసి, అలాంటిది తెలుగులో ఎందుకు రాయకూడదని చెట్టి గారు కలం పట్టారట. రాజవంశీయుడు రంగరాజు లంబాడీ పిల్ల సోనాబాయి మీద మనసు పడతాడు. చివరికి తేలేదేమిటంటే ఆమె లంబాడీ పిల్లే కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన అతని మేనమామ కూతురు! అప్పుడు గాని పెళ్లి కాదు.

ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. మార్కాపురం నుంచి యర్రగొండపాలెం వెళ్లే దారి పొడవునా లంబాడీ తండాలున్నాయి. కోస్తా ఉప్పును ఎద్దుల మీద వేసుకుని కనుమలు దాటించింది ఆ జనమే. ఆ తండాలో పెరిగిన పిల్ల ఆ తండా పిల్లగానే పెళ్లి చేసుకోకూడదా? 1958 నాటి ‘చెంచులక్ష్మి’ సినిమాలోనూ గూడెం పిల్ల సాక్షాత్తూ లక్ష్మీదేవి అవతారమే. అడవి పిల్లను కోడలిగా తెచ్చుకోవాలంటే ముందు ఆమె పుట్టుక మార్చాలి, మన కథలకు ఆ అలవాటు పోలేదు. నవలాకారుడిగా చెట్టి గారు ఆ గీత దాటలేదు. కానీ పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన సర్కారీ పుస్తకంలో, తమంతట తాము జత కట్టిన చెంచు పిల్లనూ పిల్లవాణ్ణీ ఉన్నదున్నట్టు నిలబెట్టారు. వాళ్ల పుట్టుకలో ఏ రహస్యమూ బయటపడనక్కర్లేదు. ఆయన రాసిన మంచి కథ ఇదేనని నా నమ్మకం.

బాక్సు: జపానులో తొలి ఆధునిక నవల

జపానులో తొలి ఆధునిక నవలగా చెప్పే ‘ఉకిగుమో’ 1887లో మొదలైంది, అంటే మన రంగరాజు వచ్చిన పదిహేనేళ్లకు. రాసిన ఫుతబతెయ్ షిమెయ్ కూడా సర్కారు కొలువు చేసినవాడే, ప్రభుత్వ గెజిట్ కార్యాలయంలో పనిచేశాడు. ఆయన కథానాయకుడు ఉద్యోగం ఊడిన గుమాస్తా. 1909 మే 10న, రష్యా నుంచి ఓడలో తిరిగి వెళుతూ ఫుతబతెయ్ మన బంగాళాఖాతంలోనే కన్నుమూశాడు. జపానులో ఆయన్ను బడిపిల్లలు కూడా ఎరుగుదురు.

బాక్సు: కర్నూలు మాన్యువల్ మనకు కావాలి

దోర్నాల, పెద్దారవీడు, అర్ధవీడు, యర్రగొండపాలెం మండలాల్లో ఇప్పటికీ చెంచు గూడేలున్నాయి. వాళ్ల తాతల పెళ్లి గురించి రాసిన పేజీ వాళ్లకు అర్థమయ్యే భాషలో చేతికి అందాలి. మాన్యువల్లో కంభం, మార్కాపురం తాలూకాల భాగాలూ, చెంచుల భాగమూ తెలుగులో చిన్న పుస్తకంగా వేసి మార్కాపురం, గిద్దలూరు, కంభం గ్రంథాలయాల్లో పెట్టాలి. దాని పక్కనే ‘శ్రీరంగరాజ చరిత్ర’ కూడా పెట్టాలి. ఒకే చేతి రాతలో పద్నాలుగేళ్ల తేడా ఏమిటో మన పిల్లలే పోల్చి చూసుకుంటారు.