బెర్లిన్‌లో కొత్త కాపురం

బెర్లిన్‌లో దిగిన విదేశీయుడికి అన్నిటికంటే ముందు కావలసింది చిరునామా. అద్దెకు చేరిన 14 రోజుల్లోగా ‘బ్యుర్గరామ్ట్’ అనే పౌర కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టుతోపాటు, ఈ మనిషి ఫలానా తేదీ నుంచి మా ఇంట్లో ఉంటున్నాడని యజమాని సంతకం చేసిచ్చిన కాగితమూ చూపాలి. 2015 నవంబరులో అమల్లోకి వచ్చిన చట్టం ఆ కాగితాన్ని తప్పనిసరి చేసింది. యజమాని సంతకం పెట్టని గది ఎంత చవకైనా దాని జోలికి పోకపోవడమే మంచిది. జీతమిచ్చే సంస్థ అడిగే పన్ను గుర్తింపు సంఖ్య ఈ నమోదు జరిగాకే పోస్టులో ఇంటికొస్తుంది. చాలా బ్యాంకులూ నమోదు పత్రాన్నే అడుగుతాయి. నమోదైన కొన్నాళ్లకు రేడియో, టీవీల కోసం ఇంటికింతని వసూలు చేసే నెలకు 18.36 యూరోల రుసుము ఉత్తరం కూడా దిగుతుంది. టీవీ లేదన్నా వదలరు.

కార్యాలయంలో సమయం దొరకడమే కష్టం. అయితే సొంత పేటలోనే నమోదు చేయించుకోవాలన్న నియమం లేదు. నగరంలోని 12 జిల్లాల్లో ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లవచ్చు.

ఉత్తరాలు అందడానికి ఇంకో పని చేయాలి. అక్కడి అపార్ట్‌మెంట్లకు సాధారణంగా ఫ్లాట్ నంబర్లుండవు. కాలింగ్ బెల్ మీదా పోస్టుపెట్టె మీదా ఉన్న ఇంటిపేరు చూసే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వేస్తాడు. పేరు అతికించకపోతే బ్యాంకు కార్డు కూడా వచ్చిన దారినే తిరిగిపోతుంది. ఇక్కడ పొడి అక్షరంగా మిగిలిపోయిన తెలుగువాళ్ల ఇంటిపేరు అక్కడ పూర్తిగా విచ్చుకుని వీధి గుమ్మానికెక్కుతుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో బెల్ మీదా అలాగే ఉండాలి.

చదువుకోవడానికి వెళ్లేవాళ్లు సాధారణంగా ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము ముందే స్తంభింపజేసిన ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. అందులోంచి నెలకు 992 యూరోలు చేతికొస్తాయి. రోజువారీ లావాదేవీలకు మామూలు ఖాతా వేరే తెరవాలి. చట్టబద్ధంగా నివసించే ఎవరికైనా కనీస సౌకర్యాల ఖాతా ఇవ్వాల్సిందేనని 2016 నుంచి చట్టం ఉంది. కార్డు ఉన్నా జేబులో కొంత నగదు ఉంచుకోవాలి. చిన్న హోటళ్లలో, సంతల్లో నగదు మాత్రమే తీసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

సరుకులకు ఆల్డి, లిడ్ల్, పెన్నీ, నెట్టో చవక. రేవే, ఎడేకా దుకాణాల్లో రకాలు ఎక్కువ, ధర కాస్త ఎక్కువ. రాసిన ధరలోనే పన్ను కలిసి ఉంటుంది. బిల్లు దగ్గర మాత్రం కొత్తవాళ్లు తడబడతారు. క్యాషియరు సరుకులు చకచకా నెట్టేస్తుంటే కొన్నవాళ్లే సర్దుకోవాలి. సంచి ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు. పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్ని 2022లోనే నిషేధించారు.

చాలా పానీయాల సీసాలకు ధరతోపాటు కొంత డిపాజిట్ కూడా చెల్లిస్తారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకైనా, డబ్బాకైనా 25 సెంట్లు. మళ్లీ నింపే మామూలు బీరు సీసాకు 8 సెంట్లు. ఒకసారి వాడే సీసాలకు 2003లో మొదలైన ఈ పద్ధతి పుణ్యమా అని ఖాళీ సీసాలు రోడ్డు మీద పెద్దగా కనిపించవు. దుకాణంలోని యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, దాన్ని బిల్లులో తగ్గించుకోవచ్చు. తిరిగి ఇచ్చే ఓపిక లేనివాళ్లు సీసాను చెత్తబుట్టలో వేయకుండా పక్కన నిలబెట్టి పోతారు. వాటిని ఏరుకుని నాలుగు డబ్బులు చేసుకునే పేదలు ఉన్నారని అందరికీ తెలుసు. ఇంత సంపన్న దేశంలో ముసలివాళ్లు సీసాలు ఏరుకోవడం చూసి కొత్తగా వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు.

ఆదివారం దుకాణాలు మూత. దీని వెనక పెద్ద కథే ఉంది. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగం చెప్పింది. 1949 నాటి రాజ్యాంగం ఆ అధికరణాన్ని యథాతథంగా తనలో కలుపుకుంది. సోమవారం నుంచి శనివారం దాకా ఎన్ని గంటలైనా తెరుచుకోవచ్చని బెర్లిన్ 2006లో చట్టం చేసింది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ తెరవనిచ్చింది. చర్చిలు కోర్టుకెక్కాయి. వరసగా నాలుగు వారాలు తెరవడం రాజ్యాంగానికి విరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానం 2009 డిసెంబరులో తేల్చేసింది. కాబట్టి శనివారం సాయంత్రం సూపర్‌మార్కెట్లలో జాతరే. అప్పటికీ పాలు కొనడం మరిచిపోతే ప్రధాన రైల్వేస్టేషన్‌లోని దుకాణాలు దిక్కు. లేదంటే వీధి మలుపులో ఉండే ‘ష్పేటీ’. ఇవి తూర్పు జర్మనీ కాలంలో షిఫ్టు కార్మికుల కోసం పుట్టిన రాత్రి దుకాణాలు. ఆదివారం వీటిని తెరవడానికి చట్టం పూర్తిగా ఒప్పుకోదు గానీ, తెరిచేవాళ్లు తెరుస్తూనే ఉంటారు.

విదేశీయుడి వంటింటిని నిజంగా ఆదుకునేది అంతకుముందు వచ్చిన విదేశీయులే. 1961లో పశ్చిమ జర్మనీ, తుర్కియే కార్మిక ఒప్పందం చేసుకున్నాక వచ్చినవాళ్లు క్రాయిట్స్‌బెర్గ్, నాయ్‌కోల్న్ పేటల్లో స్థిరపడ్డారు. సూపర్‌మార్కెట్లో కొత్తిమీర చిన్న కుండీలో నాలుగు రెబ్బలుంటే, తుర్కీ కొట్టులో కట్టలకు కట్టలు దొరుకుతుంది. వంకాయలు, బెండకాయలు, సెనగలు, బకెట్లలో పెరుగు, హలాల్ మాంసం అన్నీ అక్కడే. కాలువ గట్టున మైబాహూఫర్‌లో మంగళ, శుక్రవారాల్లో సంత జరుగుతుంది. పొద్దు వాలే వేళ వెళితే కూరగాయలు చవగ్గా వదిలించుకుంటారు. జోనెన్‌ఆల్లే వీధి అరబ్బుల బజారు. 2015 తర్వాత వచ్చిన సిరియా శరణార్థులతో అక్కడ రొట్టెల కొట్లు, మిఠాయి కొట్లు ఇంకా పెరిగాయి.

తూర్పున లిష్టెన్‌బెర్గ్‌లోని డాంగ్ జువాన్ సెంటర్‌ది వేరే చరిత్ర. తూర్పు జర్మనీ వియత్నాం నుంచి ఒప్పందం మీద కార్మికుల్ని తెప్పించుకుంది. రెండు జర్మనీలు ఏకమయ్యాక ఫ్యాక్టరీలు మూతపడి, వాళ్లలో చాలామంది వ్యాపారంలోకి దిగారు. పాత ఫ్యాక్టరీ స్థలంలో లేచిన ఈ బజారుకు హనోయ్ సంత పేరే పెట్టారు. చేపలు, ఆకుకూరలు, బియ్యం బస్తాల దగ్గర్నుంచి జుట్టు కత్తిరింపు దాకా ఒకే చోట దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, ఇంగువ లాంటివి భారతీయ, శ్రీలంక కొట్లలో వెతుక్కోవాలి.

మందుల సంగతి మనకు అలవాటైన తీరుకు దూరం. పారాసిటమాల్ మాత్ర కూడా ఎర్రటి ‘ఏ’ అక్షరం బోర్డు ఉన్న మందుల షాపులోనే అమ్ముతారు. సబ్బులూ విటమిన్లూ అమ్మే డీఎం, రోస్మన్ దుకాణాల్లో అది ఉండదు. రాత్రుళ్లు, ఆదివారాలు వంతులవారీగా కొన్ని షాపులే తెరిచి ఉంటాయి. వేళ దాటాక వెళితే 2.50 యూరోలు అదనం. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు డాక్టరు రాసిన మందుకు ధరలో పదో వంతు చెల్లిస్తే చాలు, కనీసం 5, గరిష్ఠం 10 యూరోలు. మందు ధర 5 యూరోలకన్నా తక్కువైతే ఆ ధరే. ప్రాణం మీదికి వస్తే 112కు ఫోన్ చేయాలి. అంత అవసరం లేకపోయినా క్లినిక్కులు మూసేశాక డాక్టరు కావాలంటే 116117.

ఫోను, ఇంటర్నెట్, జిమ్ ఒప్పందాల్లో రెండేళ్ల గడువు మామూలు. ఒకప్పుడు సమయానికి రద్దు చేసుకోకపోతే మరో ఏడాది మెడకు చుట్టుకునేవి. 2022 మార్చి నుంచి చేసుకున్న ఒప్పందాలను తొలి గడువు తీరాక ఒక నెల నోటీసుతో వదిలించుకోవచ్చు.

ఇంటి తలుపుకు బయట తిప్పే పిడి ఉండదు, కదలని గుండీ ఉంటుంది. తాళంచెవి లోపల మరిచి తలుపు లాగేస్తే తాళాల మనిషిని పిలవాల్సిందే. రాత్రివేళ పిలిస్తే వందల యూరోలు లాగేవాళ్లున్నారు కాబట్టి ఫోనులోనే మొత్తం ధర ఎంతో తేల్చుకోవాలి. ఇంకో చెవి నమ్మకమైన పొరుగువాళ్ల దగ్గర ఉంచితే ఆ ఖర్చూ ఉండదు.