కడుపులో బల్ల, విడువని జ్వరము: పిల్లలలో కాలా-అజార్

జంషెడ్‌పూరులో ఒక బిడ్డకు జ్వరము వచ్చి, ఎడమ డొక్కలో బల్ల చేతికి తగిలినచో, మొదట స్ఫురించునది మలేరియా. అది సహజమే. సింగ్‌భూమ్ అడవులు ఆ జ్వరమునకు చిరకాలముగా పేరుపడినవి. కాని మలేరియా మందు పూర్తిగా వాడినను జ్వరము విడువక రెండు వారములు దాటినయెడల కాలా-అజార్‌ను అనుమానింపవలెను.

ఈ వ్యాధికి జార్ఖండ్‌లో నెలవులు దుమ్కా, గొడ్డా, పాకూర్, సాహెబ్‌గంజ్ జిల్లాలు, పొరుగున బీహారు. జంషెడ్‌పూరు వీనిలో చేరదు. కాని ఉక్కు కర్మాగారమును ఆశ్రయించి నలుదిక్కులనుండి జనులు చేరిన నగరమిది. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి వచ్చిన మన తెలుగు కుటుంబముల స్వగ్రామములందు ఈ వ్యాధి లేదు గనుక పెద్దలు దీని పేరైనను వినియుండరు. ఇసుక ఈగ కుట్టిన పిదప వ్యాధి బయటపడుటకు సాధారణముగా రెండు మొదలు ఆరు నెలలు పట్టును. అప్పటికి ప్రయాణము మరపున పడును. కావున బిడ్డ కడచిన సంవత్సరములో ఏయే ఊళ్లలో నిద్రించెనో వైద్యుడు అడుగకున్నను తల్లిదండ్రులే చెప్పవలెను.

2023 నాటికి మన దేశములో ఈ వ్యాధిగల బ్లాకులన్నింటను, పదివేల జనాభాకు ఏటా ఒక్క రోగికంటె తక్కువ అను లక్ష్యము నెరవేరినది. సంతోషమే, అయితే రోగులు అరుదైనకొలది వైద్యునికి ఈ పేరు తట్టుటయు అరుదగును.

ఈ జ్వరము ఒక్కొక్కప్పుడు దినమునకు రెండు మారులు హెచ్చి తగ్గును. వింత యేమనగా, టైఫాయిడ్‌లోవలె నాలుక పాచిపట్టదు. తొలిదినములలో ఆకలియు చెడదు. అన్నము తినుచునే బిడ్డ చిక్కిపోవును. కాళ్లు చేతులు పుల్లలై, పొట్ట మాత్రము ముందుకు వచ్చును. బల్ల, అనగా ప్లీహము, నొప్పి లేకుండ నెలనెలకు బొడ్డువైపు దిగును. కాలేయమును కొంత పెరుగును. చర్మము నల్లబడుటచేతనే వ్యాధికి ఆ పేరు వచ్చినది. పిల్లలందు అన్నివేళల ఆ నలుపు కానరాదు.

అసలు కథను రక్తము చెప్పును. మూలుగలో పరాన్నజీవి చేరుటవలనను, పెరిగిన ప్లీహము రక్తకణములను హరించుటవలనను మూడు విధముల కణములును తరుగును. ఎఱ్ఱకణములు తగ్గి బిడ్డ పాలిపోవును. 4000కు మించి యుండవలసిన తెల్లకణములు 3000కు, 2000కు దిగవచ్చును. అందును ఇయోసినోఫిల్ కణములు కనబడుటయే అరుదు. ప్లేట్లెట్లు లక్షకు లోబడినచో ముక్కునుండి, చిగుళ్లనుండి నెత్తురు కారవచ్చును. తెల్లకణములు లేని దేహమును న్యుమోనియా, విరేచనములు సులభముగా కూల్చును. చికిత్సలేని రోగులలో నూటికి 95 మందికి పైగా మరణింతురు. రక్తక్యాన్సరులోను ఇట్టి తరుగుదల కలుగవచ్చును గనుక కణముల లెక్కతో ఆగరాదు.

1903లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డోనవన్, పన్నెండేండ్ల బాలుని ప్లీహమునుండి సూదితో తీసిన రక్తములో ఈ పరాన్నజీవిని చూచెను. ఆ యేడే లీష్మన్ తన పరిశీలనను ప్రకటించెను. ఇరువురి పేర్లను కలిపి రోనాల్డ్ రాస్ దానికి లీష్మేనియా డోనవాని అని పేరిడెను. నేడు ప్రతి బిడ్డకును అట్టి పరీక్ష అవసరము లేదు. వేలినుండి తీసిన రక్తపుబొట్టుతో ఆర్‌కే-39 పట్టీ కొద్ది నిమిషములలో ఫలితము చూపును. లక్షణములును పట్టీయు పొసగనప్పుడే మూలుగను పరీక్షింతురు.

చికిత్స ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి ఒక్క మోతాదు, శరీరపు బరువునుబట్టి కిలోగ్రామునకు 10 మిల్లీగ్రాముల చొప్పున, నరములోనికి ఎక్కింతురు. వ్యాధి నయమైన తరువాతను ఆర్‌కే-39 పట్టీ చాలకాలము వ్యాధి యున్నట్లే చూపును. కావున ఆసుపత్రివారిచ్చిన చీటీని పారవేయక, బిడ్డకు మరల జ్వరము వచ్చినప్పుడు వైద్యునికి చూపవలెను.